మజిలీల లెక్క

ఈ మధ్య తెలుగులో యాత్రారచనలకి మంచి రోజులొచ్చాయి. ఏ వెబ్ పత్రిక తెరిచినా ఒక వియత్నాం, ఒక టర్కీ, ఒక యూరప్ ధారావాహికగా నడుస్తూనే ఉంటాయి. నేను వీటిని ఇష్టంగానే చదువుతాను. కానీ కొన్నాళ్ళుగా ఒక సంగతి పంటికింద రాయిలా తగులుతోంది. చాలా యాత్రలు విమానం దిగడంతో మొదలవుతాయి. బయల్దేరడం ఉండదు, దారి ఉండదు. టికెట్ ఎంతకి కుదిరింది, వీసా కోసం ఎన్ని బ్యాంకు కాగితాలు పెట్టారు, నడుమ ఏ ఊళ్ళో పదకొండు గంటలు కుర్చీలో కూర్చున్నారు, ఇవేవీ ఉండవు. దిగగానే చర్చి, మ్యూజియం, వంతెన, సూర్యాస్తమయం. మూడో రోజు ఉదయం అల్పాహారం, తర్వాత పడవ షికారు. ట్రావెల్ ఏజెంటు ఇచ్చిన కాగితానికి క్రియాపదాలు తగిలించినట్టుంటుంది.

తమాషా ఏమిటంటే, ఆ కాగితంలో అసలు కథ చాలానే ఉంటుంది. మన యాత్రారచయితలు అందులోంచి ఊళ్ళ పేర్లు మాత్రం తీసుకుని, ఊళ్ళ మధ్య ఉన్నదాన్ని వదిలేస్తున్నారు. అందుకని ఈసారి పుస్తకం పక్కన పెట్టి ఆ కాగితాన్నే చదువుదామనిపించింది. ఐటినరీ అనే పాఠ్యాన్ని. చదవడానికి హైదరాబాద్ పాతబస్తీ కంటే మంచి చోటు నాకు తెలీదు. చార్మినార్ నుంచి అఫ్జల్‌గంజ్ వైపు నడుస్తుంటే పత్తర్‌గట్టి దాటాక మదీనా బిల్డింగ్ వస్తుంది. అక్కడా, ఆ చుట్టుపక్కల గల్లీల్లోనూ బట్టల దుకాణాల మీద, అత్తరు షాపుల పక్కన, మెట్లెక్కి వెళ్ళాల్సిన ఇరుకు గదుల్లో 'టూర్స్ అండ్ ట్రావెల్స్' బోర్డులు కనిపిస్తాయి. హజ్, ఉమ్రా, వీసా, టికెట్, అటెస్టేషన్, అరబీ తర్జుమా, అన్నీ ఒకే టేబుల్ మీద. అలాంటి ఒక గదిలో కొన్ని మధ్యాహ్నాలు కూర్చుని కాగితాలు చూశాను.

కాగితం పైన ఆరు అక్షరాల పీఎన్ఆర్. కింద వరసగా విమానాలు. ఊళ్ళకి పేర్లుండవు, మూడక్షరాల కోడ్‌లుంటాయి. మన హైదరాబాద్ హెచ్‌వైడీ. సింధ్‌లో ఇంకో హైదరాబాద్ ఉంది కదా, దానిది హెచ్‌డీడీ. జెద్దా జేఈడీ, మదీనా ఎంఈడీ, దోహా డీఓహెచ్. వేళలన్నీ ఏ ఊరి వేళ ఆ ఊరిదే. అందుకే కాగితం మీద నాలుగు గంటల ప్రయాణం రెండున్నర గంటల్లో అయిపోయినట్టు కనిపిస్తుంది, తిరుగు ప్రయాణంలో ఆ గంటన్నర వడ్డీ లేకుండా వసూలవుతుంది. ఒక విమానానికీ ఇంకో విమానానికీ మధ్య ఒక చిన్న గీత, ఆ గీత మీద ఒక అంకె: ఇన్ని గంటలు, ఇన్ని నిమిషాలు. నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది ఆ గీతే.

విమానాల పరిభాషలో ఆ గీతకి రెండు పేర్లున్నాయి. అంతర్జాతీయ ప్రయాణంలో మామూలుగా 24 గంటల లోపు ఆగితే అది ట్రాన్సిట్. దాటితే స్టాపోవర్. మొదటిదానిలో మీరు ఆ ఊరికి వచ్చినట్టు లెక్క కాదు. రెండోదానిలో వచ్చినట్టు లెక్క, టికెట్ ధర కూడా దాన్ని బట్టి మారవచ్చు. అంటే ఒక చోటికి 'వెళ్ళాను' అని చెప్పుకోవడానికి కనీస హద్దు ఒకటి ఎవరో గీశారన్నమాట. ఇరవై మూడు గంటల యాభై నిమిషాలు దోహాలో ఉన్న మనిషి దోహాకి వెళ్ళలేదు. ఇంకో పావుగంట ఉంటే వెళ్ళాడు.

తెలుగులో దీనికి ఎప్పట్నుంచో ఒక మాట ఉంది: మజిలీ. అరబీలో 'మంజిల్', దిగే చోటు. పారశీ, ఉర్దూల మీదుగా మనకి వచ్చి మజిలీ అయింది. ఉర్దూలో మంజిల్ అంటే ఎక్కువగా గమ్యం. తెలుగువాడు దాన్ని తీసుకుని గమ్యాన్ని వదిలేసి, దారిలో ఆగే చోటుకి పెట్టుకున్నాడు. ఈ చిన్న మార్పు నాకు చాలా నచ్చుతుంది. మన కథా సాహిత్యంలో ఒక పెద్ద గ్రంథం ఈ మాట మీదే నిలబడింది. మధిర సుబ్బన్న దీక్షితుల 'కాశీమజిలీ కథలు', పన్నెండు భాగాలు. మణిసిద్ధుడు కాశీకి బయల్దేరతాడు, తోడు కావాలి. వచ్చే గోపకుమారుడు ఒక షరతు పెడతాడు: మజిలీ మజిలీకి నేను చూసిన వింత గురించి అడుగుతాను, నువ్వు కథ చెప్పాలి. కాశీ చేరడం ఆ పుస్తకానికి ఒక వంక మాత్రమే. నడవడం వల్ల కథ రాలేదు, ఆగడం వల్ల వచ్చింది. అడగడానికి ఒక పిల్లవాడు, చెప్పడానికి ఒక పెద్దాయన, వండుకు తినడానికి ఒక చెట్టు నీడ ఉండటం వల్ల వచ్చింది.

కథలు సరే, నిజం యాత్ర? ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర' ఉంది. ఆయన మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రిటర్. 1830 మే 18న మద్రాసు నుంచి సుమారు వంద మంది పరివారంతో బయల్దేరి, తిరుపతి, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాద్, నాగపూర్, ప్రయాగ, కాశీ, గయ, కలకత్తా, పూరీ చుట్టి 1831 సెప్టెంబర్ 3న ఇల్లు చేరాడు. దారిపొడుగునా స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళకి రాసిన సంగతులే పుస్తకమయ్యాయి. ఆయన పోయిన రెండేళ్ళకి, 1838లో, ఆ స్నేహితుడే అచ్చు వేయించాడు. ఇప్పటి భాషలో చెప్పాలంటే అదొక మల్టీ సిటీ ఐటినరీ. పోయిన దారిన తిరిగి రాలేదు. లోపలి నేల మీదుగా వెళ్ళి కోస్తా మీదుగా వచ్చాడు.

వీరాస్వామయ్యని ఇవాళ తెరిస్తే మొదట విసుగు పుడుతుంది. ఈ ఊరికి ఆ ఊరు ఎన్ని కోసులు, దారి రాతిదా ఇసకదా, బావి ఉందా, అంగళ్ళలో ఏం దొరుకుతాయి, గుడారం వెయ్యడానికి చోటుందా, ఏరు దాటడానికి పడవ ఉందా, అంతా ఇదే. పది పేజీలు ఓపిక పట్టాక అర్థమవుతుంది ఆయన ఏం చేస్తున్నాడో. తన వెనక రాబోయే మనిషి కోసం రాస్తున్నాడు. ఆ మనిషికి తనలా బోయీలూ పల్లకీ ఉండకపోవచ్చు కూడా. ఆ రోజుల్లో ప్రయాగలో, గయలో, పూరీలో కంపెనీ ప్రభుత్వం యాత్రికుల మీద పన్ను వేసేది. దేవుణ్ణి చూడటానికి ముందు గుమాస్తాని చూడాలి. ఆ కాలపు యాత్రలో భక్తి ఎంత నిజమో రసీదు కూడా అంత నిజం. వీరాస్వామయ్య ఈ రెండిటినీ ఒకే పేజీ మీద పెట్టగలిగాడు. తర్వాత మనం నేర్చుకున్న 'అందమైన' యాత్రారచన వీటిని విడదీసింది. భక్తి, ప్రకృతి, పరవశం పుస్తకంలోకి వెళ్ళాయి, రసీదులు చెత్తబుట్టలోకి వెళ్ళాయి.

ఇప్పుడు మదీనా బిల్డింగ్ దగ్గరి గదికి తిరిగి వద్దాం. అక్కడ ఒకే వారంలో, ఒకే కంప్యూటర్ తెర మీద మూడు ప్రయాణాలు కట్టడం చూశాను. మనుషుల ఆనవాళ్ళు చెప్పను, ప్రయాణాలు చెప్తాను.

మొదటిది ప్రపంచం చుట్టే టికెట్. గచ్చిబౌలి నుంచి వచ్చిన ఒక జంట. ఉద్యోగంలో కొన్ని నెలల సెలవు దొరికింది. విమాన సంస్థల కూటములు ఇలాంటి టికెట్లు అమ్ముతాయి. వన్‌వరల్డ్ వాళ్ళ పద్ధతిలో ఐతే గరిష్ఠంగా 16 విమానాలు, ఎన్ని ఖండాలు తాకుతారన్న దాన్ని బట్టి ధర. తూర్పుకి వెళ్తే తూర్పుకే, పడమరకి వెళ్తే పడమరకే సాగాలి. అట్లాంటిక్‌నీ పసిఫిక్‌నీ ఒక్కోసారే దాటాలి. పది రోజుల కంటే ముందు ముగించకూడదు, ఏడాది దాటకూడదు. నియమాలు చదువుతుంటే ఛందస్సు గుర్తొచ్చింది. ఇన్ని గణాలు, ఇక్కడ యతి, పాదం చివర ఇలా. ఆ హద్దుల్లోనే వాళ్ళకి ఆట కావలసినంత ఉంది. ఇస్తాంబుల్‌లో నాలుగు రోజులు ఆగుదామా, లిమాలో ఆగుదామా అని వాదించుకున్నారు. ఒక్క చోట మాత్రం ఆట ఆగిపోయింది. అమెరికాలో విమానం మారడానికి కూడా వీసా ఉండాల్సిందే, బయటికి పోకుండా ఊరికే మారిపోయే వెసులుబాటు అక్కడ లేదు. బ్రిటన్‌లో కూడా మన పాస్‌పోర్ట్ మీద విమానం మారాలంటే చాలాసార్లు ట్రాన్సిట్ వీసా కావాలి. పటం గుండ్రంగానే ఉంది. పాస్‌పోర్ట్ దాన్ని అక్కడక్కడ కొరికేసింది.

రెండోది ఉమ్రా. ఒక పెద్దావిడ, కొడుకు. నేరుగా జెద్దా వెళ్ళే విమానం ఖరీదెక్కువని దుబాయ్ మీదుగా కట్టారు. మక్కా ముందా, మదీనా ముందా అన్న దాని మీద అరగంట నడిచింది. నేను ధర గురించేమో అనుకున్నాను. కాదు. మక్కాకి వెళ్ళేవాళ్ళు మీఖాత్ అనే హద్దు దాటే లోపు ఇహ్రాంలోకి రావాలి. యలమ్లమ్, ఖర్న్ అల్ మనాజిల్, జుల్ హులైఫా, ఇలా ఒక్కో దిక్కు నుంచి వచ్చేవాళ్ళకి ఒక్కో హద్దు. ఒంటెల బిడారు ఐతే అక్కడ ఆగుతుంది, స్నానం చేస్తారు, బట్ట మారుస్తారు. విమానం ఆగదు. కాబట్టి మగవాళ్ళు కుట్టని ఆ రెండు తెల్ల బట్టలు ముందే ఏ విమానాశ్రయంలోనో కట్టుకోవాలి. మదీనా ముందు పెట్టుకుంటే ఆ బాధ లేదు, తర్వాత మక్కాకి రోడ్డు మీద వెళ్తూ జుల్ హులైఫా దగ్గర నిజంగానే ఆగవచ్చు. ఆవిడ అడిగింది ఒక్కటే: "నియ్యత్ కహా కర్నా బేటా?" మనసులో సంకల్పం చెప్పుకోవాల్సింది ఎక్కడ, నాయనా? ఏజెంటు కుర్రాడు కాగితం మీద రెండో విమానం పక్కన పెన్నుతో ఒక గీత గీసి ఉర్దూలో రెండు ముక్కలు రాసిచ్చాడు. "ఖాలా, పైలట్ చెప్తాడు. చెప్పకపోయినా ఇక్కడ గడియారం చూసుకోండి."

మూడోది జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక మనిషిది. దమ్మామ్‌లో పని. పాస్‌పోర్ట్ మీద ఈసీఆర్ ముద్ర. పదో తరగతి పాసవకపోతే సాధారణంగా ఆ ముద్ర పడుతుంది. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద, గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకి పని మీద వెళ్ళాలంటే అలాంటివాళ్ళు ప్రభుత్వం దగ్గర విడిగా అనుమతి తీసుకోవాలి. రక్షణ కోసమే పెట్టిన నియమం, దాని అవసరం లేదనను. కానీ అదే మనిషికి అదే దేశం పదో తరగతి మెమో ఉంటే ఒక దూరం, లేకపోతే ఇంకో దూరం. ఆయన కాగితం మీద బహ్రెయిన్‌లో ఏడు గంటల గీత ఉంది. దాని పక్కన కుర్రాడు తెలుగులో, పెద్దక్షరాల్లో రాశాడు: "ఇక్కడ బయటికి పోవద్దు. ఇంకో ఫ్లైట్ ఎక్కాలె."

అచ్చులో ఉన్నది మూలం అనుకుంటే, పెన్నుతో రాసింది టీక. మన పండితులు కావ్యాలకి రాసినట్టే, పాఠకుడికి ఎక్కడ అందదో కనిపెట్టి అక్కడ రాసిన టీక. ఈ మూడు కాగితాలనీ పక్కపక్కన పెడితే నాకు అర్థమైంది ఇది: మజిలీ ముగ్గురికీ ఉంది కానీ ఒకే మజిలీ కాదు. మొదటివాళ్ళకి అది కొనుక్కున్న ఆనందం. రెండో ఆవిడకి అది ఆరాధనలో భాగం, ఆకాశంలో కళ్ళకి కనపడని ఒక గడప. మూడో మనిషికి అది నిషేధం. మన యాత్రారచన ఈ మూడింటిలో మొదటిదాన్ని మాత్రమే ప్రయాణమని గుర్తిస్తోంది.

స్వేచ్ఛ అన్న మాట వాడకుండా విమానాల గురించి మాట్లాడలేం కనుక ఒక పాత ఒప్పందం సంగతి చెప్పాలి. 1944 చివర్లో, యుద్ధం ఇంకా ముగియకముందే, చికాగోలో దేశాలు సమావేశమై ఆకాశాన్ని ఎలా పంచుకోవాలో మాట్లాడుకున్నాయి. 'ఆకాశ స్వేచ్ఛలు' అన్న మాట అక్కడిది. ఆగకుండా మీ నేల మీదుగా ఎగరడం ఒక స్వేచ్ఛ. ఇంధనం కోసం దిగడం రెండోది. మనుషుల్నీ సరుకుల్నీ దించడం, ఎక్కించుకోవడం ఇంకొన్ని. తర్వాత తర్వాత లెక్క తొమ్మిదికి చేరింది. హైదరాబాద్ మనిషిని దోహాకి తీసుకెళ్ళి, అక్కణ్ణుంచి చికాగో చేర్చే ఖతార్ సంస్థ వాడుకునేది ఆరో స్వేచ్ఛని. మన ఊరి ఐటినరీల్లో గల్ఫ్ ఊళ్ళు అన్నిసార్లు కనిపించడానికి భూగోళంతో పాటు ఇదీ ఒక కారణం. ఈ తొమ్మిది స్వేచ్ఛల్లో ఒక్కటి కూడా ప్రయాణికుడిది కాదు. అన్నీ దేశాలవి, విమాన సంస్థలవి. 'రెక్కలు విప్పుకుని స్వేచ్ఛగా ఎగిరిపోయాను' అని యాత్రావ్యాసంలో చదివినప్పుడల్లా ఇది గుర్తొచ్చి నవ్వొస్తుంది.

పాతబస్తీ ఐటినరీల గురించి రాస్తూ 1991 ఆగస్టుని దాటిపోవడం సాధ్యం కాదు. హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్తున్న ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానంలో ఒక చిన్నపిల్ల ఏడుస్తోంది. పక్కన అరవై ఏళ్ళ చుట్టూ వయసున్న సౌదీ మనిషి. ఎయిర్‌హోస్టెస్ ఆగి, ఎందుకు ఏడుస్తున్నావని అడిగింది. పాతబస్తీ పిల్ల. పెళ్ళి పేరుతో తీసుకుపోతున్నాడు. విమానం ఢిల్లీలో దిగేసరికి పోలీసులకి కబురు అందింది, అతను అరెస్టయ్యాడు. అప్పటికి తొమ్మిదేళ్ళ ముందే సాగర్ సర్హదీ 'బాజార్' సినిమా వచ్చింది, 1982లో. హైదరాబాద్‌లో ఇలాంటి పెళ్ళిళ్ళ గురించే. దేశం ఆ సినిమా చూసింది, మెచ్చుకుంది, పాటలు పాడుకుంది. దళారులు మాత్రం టికెట్లు కొంటూనే ఉన్నారు.

ఈ ఉదంతాన్ని పత్రికలు అప్పట్లో చాలారోజులు రాశాయి, ఎక్కువగా పాతబస్తీ మీద జాలితోనో, పాతబస్తీ మీద కోపంతోనో. నేను దాన్ని ఒక ఐటినరీగా చదువుతున్నాను. హైదరాబాద్, ఢిల్లీ, సౌదీ. నడుమ ఢిల్లీ లేకపోతే? నేరుగా వెళ్ళే విమానమైతే? ఆ పిల్లకి ఉన్నది ఒక్క మజిలీ. ఆ మజిలీ చేరేలోగా ఒకరు అడిగారు. కాశీమజిలీలో పిల్లవాడు అడుగుతాడు, పెద్దాయన చెప్తాడు. ఇక్కడ పెద్దావిడ అడిగింది, పిల్ల చెప్పింది. మజిలీకి ఇంతకంటే పెద్ద అర్థం నాకు దొరకలేదు: మనిషిని ఆపి 'ఎక్కడికి, ఎందుకు' అని అడగడానికి వీలున్న చోటు. ఇమిగ్రేషన్ కౌంటర్‌లోనూ ఇవే ప్రశ్నలు అడుగుతారు. అక్కడ ముద్ర కోసం అడుగుతారు, ఇక్కడ మనిషి కోసం అడిగారు.

ఇప్పుడు సాహిత్యానికి వద్దాం. మన దగ్గర రెండు అరలున్నాయి. ఒక అర మీద 'యాత్ర' అని రాసి ఉంది, ఇంకో అర మీద 'వలస'. యాత్ర అరలో ఉల్లాసం ఉంటుంది, వలస అరలో దుఃఖం ఉంటుంది. యాత్ర అరలో చూసినవాటి వర్ణనలుంటాయి, వలస అరలో పోగొట్టుకున్నవాటి జాబితా ఉంటుంది. పెద్దింటి అశోక్ కుమార్ 'ఎడారి మంటలు' నవల గల్ఫ్ వెళ్ళిన తెలంగాణ మనిషిని మనకి చూపించింది, అది చాలా అవసరమైన పని. ఐతే మన విమర్శ అలాంటి పుస్తకాలని ఎలా చదువుతోంది? సమస్యగా చదువుతోంది. దమ్మామ్‌లో పదేళ్ళున్న మనిషి అక్కడి సముద్రాన్ని చూసి ఉంటాడు, పాకిస్తానీ రూమ్మేట్ దగ్గర రొట్టె చెయ్యడం, ఫిలిప్పీన్స్ ఫోర్‌మన్ దగ్గర ఇంగ్లీషు బూతులు, యెమెన్ డ్రైవర్ దగ్గర అరబీ నేర్చుకుని ఉంటాడు. ప్రేగ్‌లో మూడు రాత్రులున్న మనిషి కంటే ఆయన ఎక్కువ ప్రపంచం చూశాడు. ఆయన చూపుని యాత్రారచన అని మనం ఎప్పుడూ అడగలేదు. ఆయన బాధని మాత్రమే అడిగాం.

ఈ రెండు అరలూ ఒకే చేతికి అందవని కాదు. పాతబస్తీ జీవితాన్ని 'సలాం హైదరాబాద్' నవలగా రాసిన పరవస్తు లోకేశ్వర్ గారే 'సిల్క్ రూట్‌లో సాహసయాత్ర' కూడా రాశారు. గల్లీని తెలిసిన కన్ను దూరదేశాన్ని వేరుగా చూస్తుందని నా నమ్మకం. చార్మినార్ నీడలో పెరిగినవాళ్ళకి బాజార్ అంటే పర్యాటక స్థలం కాదు, బేరమాడాల్సిన చోటు. అలాగే కాలినడకన తిరిగిన ఆదినారాయణ గారి 'భ్రమణ కాంక్ష'. నడిచేవాడికి మజిలీ తప్పదు. సాయంత్రానికి ఎవరో ఒకరు చోటివ్వాలి, అన్నం పెట్టాలి. కాబట్టి పుస్తకం నిండా మనుషులే ఉంటారు. విమానం ఎక్కిన రచయితకి ఆ అక్కర లేదు, హోటల్ ముందే బుక్కయింది. అక్కర లేకపోవడమే ఆ రచనని పల్చన చేస్తోంది. జూల్స్ వెర్న్ ఎనభై రోజుల్లో భూగోళం చుట్టించిన ఫిలియాస్ ఫాగ్ దారిలో కిటికీ బయటికి చూడడు, పేకాడుతుంటాడు. వెర్న్ అది తెలిసి, నవ్వుతూ రాశాడు. మనం తెలియకుండా ఫాగ్‌లమవుతున్నాం.

ఇక్కడ రెండు అభ్యంతరాలు వినిపిస్తాయి. ఒకటి, వీసాలూ రసీదులూ ఎవరిక్కావాలి, యాత్ర చదివేదే కాసేపు ఇల్లు మరవడానికి కదా అని. న్యాయమే. కానీ ఇల్లు మరిపించేది కూడా వివరమే. వీరాస్వామయ్య బావి నీళ్ళ రుచి చెప్పినప్పుడు నేను రెండు వందల ఏళ్ళు వెనక్కి పోగలిగాను. 'అద్భుతమైన అనుభూతి' అన్న మాట నన్ను గుమ్మం కూడా దాటించలేదు. ధర రాయమంటే లెక్కల పుస్తకం రాయమని కాదు. ఆ ధర ఎవరికి అందుబాటులో ఉందో తెలిసిన మనిషి రాసిన వాక్యం వేరుగా ఉంటుంది, అంతే.

రెండోది, పాతబస్తీ మాట ఉర్దూ కదా, తెలుగు సాహిత్యానికి ఏం సంబంధం అని. ఈ ప్రశ్న అడిగేవాళ్ళు లాల్ దర్వాజా బోనాలకి ఒకసారి వెళ్ళి రావాలి. గౌలీపురాలో, శాలిబండలో తరాలుగా తెలుగు ఇళ్ళున్నాయి. ఆ ఏజెంటు కుర్రాడు ఒకే పెన్నుతో ఉర్దూలో ఖాలాకీ తెలుగులో జగిత్యాల మనిషికీ టీక రాశాడు. ఇంకొంచెం దక్షిణానికి వెళ్తే బార్కస్. నిజాం సైన్యంలో పని చెయ్యడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల బ్యారక్స్ బార్కస్ అయింది. వాళ్ళ మునిమనవలు ఇప్పుడు కొలువు కోసం అరబ్బు దేశాలకి టికెట్ కట్టించుకుంటున్నారు. ముత్తాత వచ్చిన సముద్రాన్నే పైనుంచి దాటుతున్నారు. ఈ తిరుగు ప్రయాణాన్ని ఏ అరలో పెడతాం? యాత్రా, వలసా?

నిజాం కాలంలో మక్కా, మదీనాల్లో హైదరాబాద్ సంస్థానపు యాత్రికుల కోసం రుబాత్‌లని ఏర్పాటు చేశారు. రుబాత్ అంటే సత్రం, మన మాటలో మజిలీ. సంస్థానం 1948లో పోయింది. 1956లో దాని నేల మూడు రాష్ట్రాల్లోకి పంచుకుపోయింది. కానీ రుబాత్ బస ఇప్పటికీ తెలంగాణకీ, మరాఠ్వాడాకీ, పాత సంస్థానంలోని కర్ణాటక జిల్లాలకీ చెందిన హాజీలకే. చోటు తక్కువ, అడిగేవాళ్ళు ఎక్కువ కాబట్టి లాటరీ తీసే ఆనవాయితీ. రాజ్యం చచ్చిపోయినా దాని పటం ఒక సత్రం జాబితాలో బతికే ఉంది. ఔరంగాబాద్ మనిషీ గుల్బర్గా మనిషీ మహబూబ్‌నగర్ మనిషీ అక్కడ ఒకే వంటగదిలో చాయ్ పెట్టుకుంటారు. ఆ వంటగది మీద తెలుగులో ఒక యాత్రావ్యాసం వస్తే, దానికోసం నేను పది స్విట్జర్లాండ్‌లు వదులుకుంటాను.

యాత్రారచనని తూచడానికి నాకిప్పుడు ఒక కొలబద్ద దొరికింది. పుస్తకం చేతికి రాగానే మజిలీలు లెక్కపెడతాను. రచయిత ఎక్కడెక్కడ ఆగాడు, ఎవరు ఆపారు, ఎవరు చోటిచ్చారు, ఎక్కడ బయటికి పోవద్దన్నారు. తన పక్క సీటు మనిషిని ఒక్కసారైనా అడిగాడా, ఎక్కడికి వెళ్తున్నావని? హైదరాబాద్ నుంచి గల్ఫ్ మీదుగా వెళ్ళే ఏ విమానంలోనైనా ఆ పక్క సీట్లో మొదటిసారి విమానమెక్కి, ల్యాండింగ్ కార్డు నింపిపెట్టమని అడిగే మనిషి ఉంటాడు. ఆ కార్డు నింపిపెట్టిన రచయితలు చాలామంది ఉంటారని నాకు తెలుసు. ఆ పది నిమిషాలు వాళ్ళ వ్యాసాల్లోకి మాత్రం రాలేదు.

కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమని మనకో సామెత. రైళ్ళొచ్చాక దాన్ని నవ్వుకోడానికి వాడుకుంటున్నాం. కానీ శంషాబాద్ విమానాశ్రయంలో కార్గో గేటు దగ్గర ఏ కరీంనగర్ నుంచో, నిజామాబాద్ నుంచో వచ్చిన అంబులెన్స్ ఆగి ఉన్నప్పుడు ఆ సామెత నిజమైపోతుంది. చనిపోయిన మనిషి విమానంలో ప్రయాణికుడి కింద రాడు, సరుకు కింద వస్తాడు. టికెట్ ఉండదు, ఎయిర్‌వే బిల్లు ఉంటుంది. అందులోనూ ఊళ్ళ కోడ్‌లుంటాయి, విమానాల అంకెలుంటాయి, నడుమ మజిలీ ఉంటుంది. పోయేటప్పుడు ఆ మజిలీలో ఆయన్ని బయటికి పోవద్దన్నారు. వచ్చేటప్పుడు చెప్పాల్సిన పని లేకపోయింది.

ఆ కాగితాన్ని చదవడం మనకి రావాలి. అది కూడా తెలుగువాడి యాత్రే.